ఆంగ్లక్రియల వెంట వచ్చు చిన్నమాటలు

మా వీథిలో మూడిండ్ల కవతల నొక చిన్నది యున్నది. పట్టపరీక్ష యిచ్చి, ఉపాధ్యాయినీశిక్షణము కూడ ముగించినది. గడచిన వేసవిలో నొక పాఠశాలవారు ఉపాధ్యాయిని కావలెనని ప్రకటింపగా దరఖాస్తు పంపి, పిలుపు రాగా వెళ్లినది. సాయంకాలము తిరిగివచ్చునప్పటికి ముఖము చిన్నబోయి యున్నది. ఏమమ్మా యని యడుగగా చేతనున్న కాగితమును మా కిచ్చినది. శిక్షణకాలమున పిల్లల తల్లిదండ్రులతో వారి చదువు విషయము మాటలాడితినని చెప్పుచు, 'డిస్కస్' అను క్రియ వెంట 'ఎబౌట్' అను మాట చేర్చియున్నది. ఆ పాఠశాల పెద్దలలో నొకరు దానిక్రింద ఎఱ్ఱసిరాతో రెండుగీతలు గీసి, ప్రక్కవారికి చూపి నవ్విరట. ఆ తరువాత నామె నెక్కువ ప్రశ్నలడుగలేదట. ఉద్యోగము మఱియొకరి కిచ్చిరి.

"మాస్టారూ, గురించి అనుమాట లేకుండ చర్చ యెట్లు చేయుదురండీ?" అని ఆమె యడిగినది.

మేము ఇరువదేండ్లకు పైబడి ఆంగ్లమును బోధించుచున్నాము. అంతకు ముందునుండియే సంస్కృతము చదివినవారము. 'డిస్కస్' తరువాత 'ఎబౌట్' రాదని ఎన్నివందల పుస్తకములలో కొట్టివేసితిమో లెక్కలేదు. కాని యీ ప్రశ్నకు తగిన ప్రత్యుత్తరము నొక్కనాడును ఏ విద్యార్థికి నిచ్చియుండలేదు. "అది తప్పు, ఆంగ్లేయులట్లు వ్రాయరు" అని మాత్రము చెప్పుచు వచ్చితిమి. మా గురువులు మాకు చెప్పినదియు నంతే. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదన్నచో అతిశయోక్తి యగును గాని, చాలసేపు దీపమార్పలేదు.

ఆ చిన్నదాని తప్పునకు మూలమెక్కడ నున్నది? మన తెలుగులోనే యున్నది. బాలవ్యాకరణము చదివిన పిల్లలందఱు విభక్తులు వల్లించినవారే. అందు ద్వితీయావిభక్తి ప్రత్యయములలో ని, ను అనువాని సరసనే కూర్చి, గురించి అనునవియు నున్నవి. అనగా 'ఆ విషయమును చర్చించిరి' యన్నను, 'ఆ విషయమును గురించి చర్చించిరి' యన్నను మనకు విభక్తి యొక్కటే. ఈ రెంటిలో ఆమె రెండవదానిని తీసికొని, దానికి సరియైన ఆంగ్లపదము వెదకినది, దొరకినదానిని వ్రాసినది. అజ్ఞానమువలన చేసిన తప్పు కాదది. ఒక భాషయందలి వ్యాకరణమును నమ్మి మఱియొక భాషలో నడచుటవలన కలిగిన తప్పు. దానిని చూచి నవ్వినవారు తమ చిన్ననాట దానినే వ్రాసి యుందురనుటకు మాకు సందేహము లేదు.

మఱి ఆంగ్లమున నేల రాదు? 'డిస్కస్' అనునది లాటినునుండి వచ్చిన మాట. విడదీయునట్లు కుదుపుట, దులుపుట యని దాని మొదటి యర్థము. ఒక వస్తువును చేతబట్టి దులుపుదుము గాని, దానిని గురించి దులుపము. ఆ క్రియ యేర్పడినప్పుడే కర్మ దాని చేతికి చిక్కినది. నడుమ మఱియొక మాటకు చోటులేదు. ఇట్టిది సంస్కృతము చదివినవారికి క్రొత్తగాదు. శయనించుటకు స్థలమును సప్తమిలో చెప్పుదుము. కాని ఆ ధాతువునకు ముందు 'అధి' యను ఉపసర్గ చేరినంతనే ఆ స్థలమే కర్మయై ద్వితీయలోనికి వచ్చునని పాణిని విధించినాడు. ఉండుట, కూర్చుండుట యను నర్థములుగల ధాతువులకును అదే విధి. కోపించుట యను ధాతువునకు ఎవరిమీద కోపమో వారిని చతుర్థిలో చెప్పవలెను. ఉపసర్గ చేరినదా, వారు కర్మ యగుదురు. క్రియలోనికే ఉపసర్గ ప్రవేశించినప్పుడు వెలుపల విభక్తి మాఱుననుట యిది. ఈ సూత్రములను మేము పదునైదవయేట కంఠస్థము చేసితిమి. ప్రక్కగదిలోని ఆంగ్లపుతరగతికి పోయినప్పుడు వానిని గుమ్మమువద్ద చెప్పులతో పాటు విడిచి పోయితిమి. రెండు విద్యలకును నడుమ నొక గోడ కట్టి, అటునుండి యిటు ఏమియు రాకుండ కాచిన పద్ధతి మనది. ఆ గోడను కట్టినవారిలో మేమును ఒకరమే.

ఇంకొక విశేషము గలదు. 'డిస్కస్' అను క్రియకు 'ఎబౌట్' పనికిరాదు గాని, దానినుండి పుట్టిన 'డిస్కషన్' అను నామవాచకమునకు అది చక్కగా పనికివచ్చును. 'రిక్వెస్ట్' క్రియయైనప్పుడు 'ఫర్' అక్కఱలేదు; నామమైనప్పుడు కావలెను. సామానుకై 'ఆర్డర్' ఇచ్చుటలోను ఇంతే. 'ఎంఫసైజ్' అను క్రియ తిన్నగా కర్మను గ్రహించును; 'ఎంఫసిస్' అను నామమునకు 'ఆన్' తోడు కావలెను. మన దేశమున విద్యావంతులు చేయు తప్పులలో పెక్కు ఈ త్రోవనే వచ్చుచున్నవని మా యనుభవము. నామమునకు చెందిన చిన్నమాటను పట్టుకొని క్రియకు తగిలింతురు. దీనికిని పాణినీయమున పోలిక యున్నది. క్రియకు కర్మ ద్వితీయలో నుండగా, అదే ధాతువునుండి కృత్ప్రత్యయముచే పుట్టిన నామము వచ్చినప్పుడు ఆ కర్మయే షష్ఠిలోనికి పోవును. క్రియకొక మర్యాద, నామమున కొక మర్యాద. ఈ యొక్కమాట చెప్పినచో పదునాలుగేండ్ల పిల్లవానికి పది తప్పులు తొలగును. మేము చదివిన ఏ వ్యాకరణగ్రంథమందును ఈ మాట ఇట్లు విడదీసి చెప్పినట్లు జ్ఞాపకము లేదు.

ఆ గ్రంథముల మాట వచ్చినది గనుక వానిని కొంచెము పరీక్షింతము. నెస్‌ఫీల్డు వ్యాకరణము మన తాతల తరమును శాసించినది. తరువాత రెన్, మార్టిన్ అను నిరువురు కూర్చిన గ్రంథము వచ్చి నేటికిని బల్లలమీద నున్నది. ఇట్టి పుస్తకములలో, ఏ మాటవెంట ఏ ప్రిపొజిషను వచ్చునో తెలుపు పట్టికలు కొన్ని పుటలనిండ నుండును. కొన్నిట అకారాదిగా నుండును. కొన్నిట ఒక్కొక్క ప్రిపొజిషను క్రింద దాని పరివారమంతయు కూర్చబడును. ఆ పట్టికలవలన మేము మేలుపొందలేదని చెప్పినచో కృతఘ్నులమగుదుము. పరీక్షకు ముందటి రాత్రి అవి మమ్ము కాపాడినవి. కాని వానిలో రెండు లోపములున్నవి.

మొదటిది: ప్రిపొజిషను వచ్చు మాటలనే యవి చెప్పును గాని, రాని మాటలను చెప్పవు. పట్టికయొక్క పేరే యట్టిది. దానిలో 'డిస్కస్' అనుదానికి చోటెట్లుండును? మన పిల్లలు జాఱిపడుచున్నది సరిగా నిక్కడనే. 'రిజెంబిల్' వెంట 'టు' వ్రాయుదురు. ఏలన మనము 'తండ్రికి పోలిక' యందుము. 'అవెయిట్' వెంట 'ఫర్' వ్రాయుదురు. ఏలన 'వెయిట్' వెంట అది యుండుట చూచిరి. 'మ్యారీ' వెంట 'విత్' వ్రాయుదురు. ఏలన మనకు పెండ్లి ఒకరితో జరుగును. ఈ తప్పు దిద్దుచు, ఆంగ్లమున పెండ్లాడుటకు 'విత్' అక్కఱలేదని తరగతిలో చెప్పగా, వెనుకబల్లనున్న తుంటరి యొకడు లేచి, "మనవారికి మాత్రము కట్నము విత్ లేనిదే కాదు గదండీ" అనెను. తరగతియంతయు నవ్వినది. మేము నవ్వలేదు, ఆడపిల్లల వరుసలో నిద్దఱు తలలు వంచుకొనుట చూచితిమి.

రెండవ లోపము ఇంతకంటె పెద్దది. పట్టికలు ఇది దీనివెంట వచ్చునని చెప్పును. ఏల వచ్చునో చెప్పవు. అందుచేత చదువువానికి ఆంగ్లమంతయు నొక వెఱ్ఱిరాజు శాసనములవలె కనబడును. ఒక యుదాహరణము. ఒకనిపై నేరము మోపుటకు ఆంగ్లమున మూడు క్రియలు సామాన్యముగా వాడుదురు. 'అక్యూజ్' వెంట 'ఆఫ్', 'చార్జ్' వెంట 'విత్', 'బ్లేమ్' వెంట 'ఫర్'. అర్థము దగ్గఱదగ్గఱగా నొక్కటే, చిన్నమాటలు మూడు. ఇది యన్యాయమని ప్రతి విద్యార్థియు గొణుగును, మేమును గొణిగితిమి. కాని మూలము విచారించినచో ముచ్చట వేఱు. 'అక్యూజ్' లాటిను మాట. ఆ భాషలో నేరమును షష్ఠివంటి విభక్తిలో చెప్పుదురు. దానికి ప్రతిగా ఆంగ్లమున 'ఆఫ్' నిలిచినది. 'చార్జ్' అనగా మొదట బండిమీద బరువెత్తుట. ఏ బరువుతో నింపిరో దానికి 'విత్' వచ్చినది. 'బ్లేమ్' అనగా నిందించుట. నిందకు హేతువు కావలెను గనుక 'ఫర్'. ఇక మన మాట చూడుడు: నేరము 'మోపుట' యందుము. గడ్డిమోపు, కట్టెలమోపు అనుచోట నున్న మోపే యిది. బండిపై బరువెత్తిన లాటినువాడును, నెత్తిపై మోపు పెట్టిన తెలుగువాడును ఒకనినొక డెఱుగకయే ఒక్క త్రోవను నడచినారు. తరగతిలో నిది చెప్పిననాడు పట్టిక యక్కఱలేకయే పిల్లలకు 'చార్జ్' వెంట 'విత్' గుర్తుండిపోయినది.

'విత్' కథయు నిట్టిదే. పూర్వాంగ్లమున దాని యర్థము తోడు కాదు, ఎదురు. ఎదిరించి నిలుచుట యను నర్థమున 'విత్‌స్టాండ్' అను మాటలో ఆ పాతయర్థము నేటికిని మిగిలియున్నది. కనుకనే 'ఫైట్ విత్' అన్నప్పుడు ఆ మనుష్యుని ప్రక్కనుండి పోరాడెనో, అతనితోనే పోరాడెనో సందర్భము చెప్పవలెను. మన 'తో' కును ఈ జబ్బున్నది: 'రాముడు రావణునితో యుద్ధము చేసె'నన్నను 'తోడే', 'లక్ష్మణునితో వనమునకు పోయె'నన్నను 'తోడే'. కథ తెలియనివానికి రెండును ఒక్కటే.

ఈ చిన్నమాటలకింత ప్రాభవ మెట్లు వచ్చినదో ఆంగ్లభాషాచరిత్ర కొంచె మెఱుగవలెను. పూర్వాంగ్లమున నామములకు సంస్కృతమునందువలెనే విభక్తు లుండెడివి. ఆ ప్రత్యయములు క్రమముగా నరిగి, నార్మనులు 1066లో నింగ్లండును జయించిన తరువాతి రెండు శతాబ్దములలో చాలవఱకు మాయమైనవి. ప్రత్యయములు చేయుచుండిన పనియంతయు పదముల వరుసమీదను, ప్రిపొజిషనుల మీదను పడినది. ఉన్నవారు కొలదిమంది, పని యెక్కువ. కావున నొక్కొక్కటి పదిపనులు చేయవలసివచ్చినది. ఒకటిగా నున్న 'ఆఫ్' అనుమాట సంబంధమునకొకటి, ఎడబాటునకొకటిగా రెండై విడిపోయినది. లాటినునుండి వచ్చిన 'సీనియర్', 'జూనియర్', 'సుపీరియర్' మొదలగునవి 'టు' ను వెంటబెట్టుకొని తిరుగుచున్నవి; 'ప్రిఫర్' కూడ ఆ పరివారములోనిదే. మన పిల్లలకు 'కంటె' యనగానే 'దేన్' స్ఫురించును గనుక, అక్కడ తప్పుదురు.

ఇంతవఱకు పిల్లలపక్షమున చెప్పితిమి. ఇక దిద్దువారి సంగతి. దిద్దువారిలో నొక తెగ యున్నది. వారికి ఆంగ్లేయులకంటె ఆంగ్లమున నిష్ఠ మెండు. 'డిఫరెంట్' వెంట 'ఫ్రం' దప్ప 'టు' కనబడినచో మార్కు కోసివేయుదురు. ఫౌలరు 1926లో ప్రకటించిన ఆంగ్లప్రయోగనిఘంటువులో, 'ఫ్రం' ఒక్కటే సాధువనుట మూఢవిశ్వాసమని త్రోసివేసినాడు. అమెరికాలో 'దేన్' కూడ విరివిగా వినబడును. 'ఎవర్స్' అను మాటవెంట 'ఫ్రం' సాధువు, 'టు' అసాధువు అని జాన్సను 1755నాటి నిఘంటువున చెప్పెను; లాటినున ఆ మాట మొదట ఎడబాటును తెలుపు నుపసర్గ యున్నదని వారి హేతువు. లోకము వినలేదు, 'టు' యే నిలిచినది. ఫౌలరు లోకము పక్షమే వహించినాడు. డ్రైడను 1672లో బెన్ జాన్సను వాక్యాంతమున ప్రిపొజిషను నిలిపెనని తప్పుపట్టి, తరువాత తన పాతవ్యాసమునందలి యట్టి వాక్యములను తానే తిరుగవ్రాసికొనెను. ఇంటివారికే యిన్ని తగవులుండగా, పొరుగూరినుండి వచ్చిన పిల్లకు ఎఱ్ఱగీతలేల? నిశ్చితమైనవి కొన్ని, వివాదగ్రస్తములు కొన్ని. ఉపాధ్యాయుడు ముందుగా తాను ఈ రెంటిని వేఱుపఱచుకొనవలెను. 'డిస్కస్ ఎబౌట్' మొదటి తరగతిలోనిది. శిష్టులు దాని నామోదింపరు, దిద్దవలసినదే. 'డిఫరెంట్ టు' రెండవ తరగతిలోనిది. పరీక్షలో 'ఫ్రం' వ్రాయుమని బుద్ధిచెప్పుదుము. ఉత్తరములో 'టు' వ్రాసినవానిని చూచి నవ్వము.

నవ్వువారిని గూర్చి ఇంకొక మాట. ఆంగ్లమున నొక చిన్నమాట తప్పినచో సిగ్గుతో కుంగిపోవువారే తెలుగున ఎట్టి విభక్తులు వాడుచున్నారో చూడుడు. 'బస్సు ద్వారా వచ్చితిని' అందురు. మన తల్లులు బండిలో వచ్చిరి, పడవలో వచ్చిరి, గుఱ్ఱముమీద వచ్చిరి, కాలినడకను వచ్చిరి; ఏ తల్లియు బండి ద్వారా రాలేదు. ఆంగ్లపు 'బై' ని తెచ్చి తెలుగునెత్తిన పెట్టినందున ఈ ద్వారము తెఱువబడినది. వార్తాపత్రికలలో సమస్తమును 'పై' నెక్కియున్నది: సంగీతముపై ఆసక్తి, నీటిపై సమావేశము, ధరలపై ఆరా. నీటిపై సమావేశమన్నచో పడవలో గూడిరని యర్థము రావలెను. ఇది చదివి ఎవ్వరును నవ్వుటలేదు. ఎవ్వరికిని ఉద్యోగము పోవుటలేదు. తప్పునకు శిక్ష భాషనుబట్టి మాఱుట మాకు దుస్సహముగా నున్నది. ఆ చిన్నదాని దరఖాస్తును దిద్దిన పెద్దమనుష్యుని తెలుగు జాబొకటి మాకు లభించిన బాగుండునని ఒక దుర్బుద్ధి పుట్టినమాట నిజము.

ఇక నింటిలో చేయదగిన పని. ఒంటరిగా క్రియను, ఒంటరిగా ప్రిపొజిషనును నేర్పుట మానవలెను. కర్మతో కూడిన వాక్యమునే నేర్పవలెను. ఈ సంగతిని చక్కగా గ్రహించినవాడు హార్న్‌బీ. జపానులో ఆంగ్లము బోధించుచు, అచటి విద్యార్థుల తప్పులు చూచి చూచి, ఒక్కొక్క క్రియ యే వాక్యరచనను కోరునో తెలుపు నిఘంటువును సహచరు లిరువురితో కూర్చినాడు. అది 1942లో టోకియోలో వెలువడి, 1948లో ఆక్సుఫర్డువారిచే తిరిగి ముద్రింపబడినది. పరభాషవాని తప్పును పరిహసింపక, ఆ తప్పునుండియే గ్రంథము పుట్టించిన బుద్ధి యది. మన హైదరాబాదున 1958లో ఆంగ్లబోధనకై కేంద్రసంస్థ యొకటి వెలసి, నేడు విశ్వవిద్యాలయమై యున్నది. అయినను పల్లెబడులకు పట్టికలే చేరినవి, నిఘంటువులు చేరలేదు. ఇప్పుడు యంత్రములు కూడ తప్పుమాటక్రింద గీత గీయుచున్నవి. మంచిదే. కాని ఆ గీతయు ఎఱ్ఱగీతయే. హేతువు చెప్పని గురువువంటిదే.

మా యింట నొక నోటుపుస్తకము పెట్టితిమి. అందు తోడుమాట యక్కఱలేని క్రియలకే మొదటి పుటలు. ఒక్కొక్కదానికి పిల్లలు తమ యింటి సంగతితో నొక వాక్యము వ్రాయవలెను. ప్రక్కను అదే యర్థమున తెలుగువాక్యము వ్రాసి, విభక్తిక్రింద గీత గీయవలెను. పులిని గూర్చి మా చిన్నవాడు వ్రాసినది మాకు నచ్చినది. సంస్కృతమున పులివలన భయము, తెలుగున పులికి భయము, ఆంగ్లమున భయపడినవానికి 'ఆఫ్', భయపడుటకు 'ఫియర్' అను క్రియయైనచో ఏమియు లేదు. "పులి మాత్రము ఒక్కటే నాన్నా" అన్నాడు.

ఆ చిన్నదానికి మరునాడు పిలిచి ఇదంతయు చెప్పితిమి. దులుపుట, అధి యను ఉపసర్గ, క్రియకు నామమునకు గల భేదము, అన్నియు వినినది. విని, "అయితే 'ఎంటర్' సంగతి యేమిటండీ? గదిలో ప్రవేశించుటకు 'ఇంటు' లేదు, ఒడంబడికలో ప్రవేశించుటకు ఉన్నది" అనెను. గదికి గుమ్మము కనబడుచున్నది, ఒడంబడికకు కనబడదు గనుక చిన్నమాట కావలసివచ్చినదేమో యంటిమి. ఆమె కది చాలలేదు, మాకును చాలలేదు. నిఘంటువు తెచ్చి ఇరువురమును చూచుచుండగా మా యింటివారు కాఫీ తెచ్చిరి.

తరువాతి వారమున మఱియొక పాఠశాలకు దరఖాస్తు వ్రాసికొని వచ్చి చూడుమనినది. 'ఎబౌట్' అందు ఒక్కచోటనే యున్నది, 'డిస్కషన్' ప్రక్కను. మేము కలము మూతతీయకయే కాగితము తిరిగి యిచ్చివేసితిమి.